ఆకాశంలో మహాపక్షులు: పురాణాలు, కథలు, కళ్లారా చూశామన్న మాటలు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఏనుగును తన్నుకుపోయిన పక్షి, పిల్లవాణ్ణి పైకి లేపిన రాబందు, చిన్న విమానమంత రెక్కలతో తలమీదుగా సాగిపోయిన నల్లని ఆకారం. ఇలాంటి సంగతులు చదివినప్పుడల్లా మళ్లీ మళ్లీ తలెత్తే సందేహాలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెద్ద పక్షిని చూశామని చెప్పేవారిలో ఎక్కువమంది నిజాయితీపరులని నా నమ్మకం. పాత కథల్లో కొన్నింటి వెనుక నిజమైన పక్షులు ఉన్నాయని ఎముకలే చెబుతున్నాయి. అయితే పురాణాన్ని తూచే తక్కెడ వేరు, సాక్షి మాటను తూచే తక్కెడ వేరు. రెండింటినీ ఒకే తక్కెడలో వేస్తే రెండింటికీ అన్యాయం జరుగుతుంది.

మహాపక్షుల కథలు ఏయే దేశాల్లో ఉన్నాయి?

దాదాపు అన్ని ఖండాల్లోనూ ఉన్నాయి. మెసొపొటేమియా వాసులకు సింహం తల ఉన్న అన్జు పక్షి తెలుసు. అది దేవతల దగ్గరి విధి ఫలకాన్ని దొంగిలిస్తే నినుర్త అనే దేవుడు దానితో పోరాడి గెలిచాడు. ఇరాన్‌లో సీముర్గ్ ఉంది. ఫిరదౌసి షానామాలో, తెల్లజుట్టుతో పుట్టాడని తండ్రి కొండల్లో వదిలేసిన జాల్ అనే శిశువును అది తన గూటికి తీసుకుపోయి పెంచుతుంది. చైనా తత్త్వవేత్త జువాంగ్‌జీ పేరిట ఉన్న గ్రంథం పెంగ్ అనే పక్షితోనే మొదలవుతుంది. ఒక మహామత్స్యం ఆ పక్షిగా మారి, సుడిగాలి మీద 90 వేల ‘లీ’ల ఎత్తుకు (లీ అంటే చైనా దూరపు కొలత) ఎగురుతుంది. అరబ్బు నావికులకు రుఖ్, ఉత్తర అమెరికా ఆదివాసులకు ఉరుములు పుట్టించే థండర్‌బర్డ్, న్యూజిలాండ్ మావోరీలకు పౌఆకై ఉన్నాయి. మనకైతే గరుత్మంతుడు, జటాయువు, సంపాతి, గండభేరుండం ఉండనే ఉన్నాయి.

గరుత్మంతుడి కథకూ రుఖ్ కథకూ సంబంధం ఉందా?

రెండింటిలోనూ పక్షి ఏనుగును ఎత్తుకుపోతుంది. ఈ పోలికను పండితులు చాలాకాలం క్రితమే గుర్తించారు. సముద్ర వ్యాపారులతో పాటు కథలు కూడా ప్రయాణం చేసి ఉంటాయనుకోవడం సహజమే. కానీ ఏది దేనినుంచి వచ్చిందో తేల్చి చెప్పేంత ఆధారం లేదు.

మహాభారతం ఆదిపర్వంలోని ఆ ఘట్టాన్ని ఒకసారి తలుచుకోండి. అమృతం తేవడానికి బయలుదేరిన గరుత్మంతుడికి ఆకలేస్తుంది. తండ్రి కశ్యపుడు ఒక సరస్సు చూపించి, అక్కడ పోట్లాడుకుంటున్న ఏనుగునూ తాబేలునూ తినమంటాడు. ఆ రెండూ పూర్వజన్మలో ఆస్తి కోసం కలహించి ఒకరినొకరు శపించుకున్న అన్నదమ్ములు. గరుత్మంతుడు రెండింటినీ కాళ్లతో పట్టుకుని ఒక మహావృక్షం కొమ్మ మీద వాలగానే కొమ్మ విరుగుతుంది. చూస్తే ఆ కొమ్మకు వాలఖిల్య మహర్షులు తలకిందులుగా వేలాడుతూ తపస్సు చేసుకుంటున్నారు. కొమ్మ కింద పడితే వారికి హాని కలుగుతుందని దాన్ని ముక్కున కరచుకుని, ఎక్కడ దించాలో తెలియక ఆకాశమంతా తిరుగుతాడు. కాళ్లలో ఏనుగు, తాబేలు, ముక్కున కొమ్మ, ఆ కొమ్మకు బొటనవేలంత మునులు. బలం గురించిన కథలో ఇంత జాగ్రత్త, ఇంత దయ చేర్చిన కవి ఊహకు ఎన్నిసార్లు చదివినా చేతులు జోడించాలనిపిస్తుంది.

అందుకే ఈ కథను పట్టుకుని ‘అంత పెద్ద పక్షి నిజంగా ఉండేదా’ అని అడగడం నాకు నచ్చదు. అది ఒక పక్షి కొలతలు చెప్పడానికి పుట్టిన కథ అనిపించదు. అదే సమయంలో, ఈ కవులు పక్షులను గమనించలేదని కూడా అనుకోవద్దు. సూర్యుడి వేడికి కమిలిపోతున్న తమ్ముడు జటాయువును సంపాతి తన రెక్కలతో కప్పి, రెక్కలు కాల్చుకుని వింధ్య పర్వతం మీద పడ్డాడు. నూరు యోజనాల అవతల లంకలో ఉన్న సీతను కూర్చున్న చోటినుంచే చూసి వానరులకు చెప్పిందీ అతడే. గూటిలో పిల్లలకు ఎండ తగలకుండా రెక్కలు చాచి నీడపట్టే అలవాటు, ఎంతో దూరాన ఉన్నదాన్ని పసిగట్టే చూపు గద్దలకూ రాబందులకూ నిజంగానే ఉన్నాయి.

మార్కో పోలో రుఖ్‌ను చూశాడా?

చూడలేదు, చూశానని చెప్పలేదు కూడా. మడగాస్కర్ వైపు ద్వీపాల్లో అలాంటి పక్షి ఉందనీ, ఏనుగును పైకి ఎత్తి కిందపడేసి తింటుందనీ విన్నట్టు చెప్పాడు. కుబ్లయ్ ఖాన్ పంపిన దూతలు దాని ఈక ఒకటి తెచ్చారని కూడా ఉంది. ఆ ఈక నిజానికి రాఫియా అనే తాటిజాతి చెట్టు మట్ట అయివుంటుందని తర్వాతి పరిశోధకులు అభిప్రాయపడ్డారు. ఆ మట్టలు చాలా భారీగా పెరుగుతాయి. ఎండిన మట్టను అలాంటి పక్షి పేరు చెప్పి చూపిస్తే ఈకలాగే అనిపిస్తుంది.

రుఖ్ విషయంలో నాకు ఇంతకంటే ఇష్టమైన సాక్ష్యం 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతాది. చైనా నుంచి తిరుగు ప్రయాణంలో, కొండలేవీ లేని సముద్రంలో తెల్లవారేసరికి దూరంగా ఒక కొండ కనిపించింది. గాలి ఓడను అటే తోస్తోంది. కాసేపటికి ఆ కొండ నీటిమీదినుంచి పైకి లేచింది, కొండకూ సముద్రానికీ మధ్య వెలుతురు కనిపించింది. నావికులు ఏడుస్తూ ఒకరికొకరు వీడ్కోలు చెప్పుకున్నారు. మనం కొండ అనుకున్నది రుఖ్, అది మనల్ని చూస్తే బతకనివ్వదు అన్నారు. అంతలో గాలి దిశ మారి ఓడ పక్కకు పోయింది. దాని అసలు ఆకారం తాము చూడలేదని ఆయనే రాశాడు.

సముద్రం మీద చల్లని గాలిపొర పైన వెచ్చని గాలిపొర ఉన్నప్పుడు కాంతి వంగి, దూరపు తీరమో దీవో గాలిలో తేలినట్టు కనిపిస్తుంది. ఎండమావికి అది ఒక రకం. ఈ వర్ణన దానికి చక్కగా సరిపోతుంది. ఆయన చూసిందేదో చూసినట్టు రాశాడు, తెలియని చోట ఆగిపోయాడు. సాక్షి నుంచి అంతకు మించి ఏం కోరగలం?

మడగాస్కర్‌లో నిజంగానే పెద్ద పక్షి ఉండేదట కదా?

ఉండేది. దాన్ని ఏనుగు పక్షి అంటారు. ఇంచుమించు 3 మీటర్ల ఎత్తు, అన్నిటికంటే పెద్దవాటి బరువు 500 కిలోలకు పైమాటే. దాని గుడ్డు 30 సెంటీమీటర్ల పొడవు ఉండేది. ఒక్క గుడ్డులో సుమారు 150 కోడిగుడ్ల సొన పట్టేది. అయితే అది ఎగరలేదు. 2014లో వెలువడిన డీఎన్‌ఏ పరిశోధన ప్రకారం దానికి అతి దగ్గరి బంధువు న్యూజిలాండ్‌లోని కివి, అంటే కోడి అంత పక్షి!

ఈ జాతి సుమారు వెయ్యేళ్ల క్రితం అంతరించింది. ఆ గుడ్లను చూసిన నావికులు ‘గుడ్డే ఇంత ఉంటే తల్లి ఎంత ఉంటుందో’ అనుకుని ఉంటారనీ, రుఖ్ కథకు అది బలం చేకూర్చి ఉంటుందనీ చాలామంది ఊహ. నిరూపించలేకపోయినా అది సబబైన ఊహే.

మనుషులను చంపగల భారీ గద్దలు ఎప్పుడైనా ఉన్నాయా?

ఈ పేజీలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఉన్నాయి. వాటిలో ఒకటి మనుషులతో పాటే బతికింది.

న్యూజిలాండ్‌లో మనుషులు అడుగుపెట్టేనాటికి అక్కడ నేలమీద తిరిగే క్షీరదాలు లేవు. మేత మేసే జంతువుల స్థానంలో మోవా అనే ఎగరలేని పక్షులు ఉండేవి. పెద్ద మోవా బరువు 200 కిలోలు దాటేది. వాటిని వేటాడే పులి స్థానంలో ఒక గద్ద ఉండేది. 1870ల మొదట్లో యూలియస్ ఫాన్ హాస్ట్ దాని ఎముకలను వర్ణించాడు కాబట్టి హాస్ట్ గద్ద అన్న పేరు స్థిరపడింది. ఆడగద్ద 10 నుంచి 15 కిలోలు తూగేది. రెక్కలు చాస్తే మాత్రం 3 మీటర్లకు మించేవి కావు. అంత బరువుకు అవి పొట్టి రెక్కలే. అడవిలో, పొదల్లో వేగంగా వచ్చి దాడి చేయడానికి ఆ కొలత అనుకూలం. గోళ్లు పులి గోళ్లంత ఉండేవి. ఆ గోళ్లు దిగిన రంధ్రాలు మోవాల కటి ఎముకల మీద దొరికాయి. ఈ గద్ద దగ్గరి బంధువులు ఇప్పటి చిన్న గద్దలేనని 2005లో డీఎన్‌ఏ ద్వారా తేలింది. కిలో బరువు గద్ద వంశంలో, పోటీకి మరో మృగం లేని దీవిలో, పది రెట్లకు పైగా బరువు పెరిగిన గద్ద పుట్టిందన్నమాట.

13వ శతాబ్దం ప్రాంతంలో మావోరీలు వచ్చారు. ఒకటి రెండు వందల ఏళ్లలోనే మోవాలను వేటాడి తుడిచిపెట్టారు, తిండిలేక గద్ద కూడా పోయింది. కానీ వారి కథల్లో కొండల మీదినుంచి దిగి మనుషులను ఎత్తుకుపోయే పౌఆకై నిలిచిపోయింది. గుహల గోడల మీద గద్ద బొమ్మలు మిగిలాయి. ఎముకలు బయటపడక ముందు ఆ కథను వట్టి భయంగా కొట్టిపారేయడం ఎంత సులువో చూడండి. చిన్నపిల్లను చంపే శక్తి ఆ గద్దకు ఖాయంగా ఉండేది. పౌఆకై కథ హాస్ట్ గద్ద జ్ఞాపకమే అని నేను నమ్ముతాను.

గద్ద మనిషిని వేటాడినట్టు ఎముకల ఆధారం ఉందా?

మన జాతికి పూర్వీకుల తరానికి చెందిన ఆధారం ఒకటి ఉంది. 1924లో దక్షిణాఫ్రికాలోని టాంగ్ అనే చోట ఒక చిన్నపిల్ల పుర్రె శిలాజం దొరికింది. వయసు మూడు నాలుగేళ్లు, కాలం సుమారు 25 లక్షల ఏళ్లకు పూర్వం. ఆ పిల్లను గద్ద చంపిందని 1995లో లీ బర్గర్, రాన్ క్లార్క్ ప్రతిపాదించారు. ఆఫ్రికాలో కోతులను వేటాడే క్రౌన్డ్ ఈగిల్ అనే గద్ద తన ఎరల పుర్రెల మీద వదిలే గుర్తులను తర్వాత పోల్చి చూశారు. కళ్ల గుంటల లోపలి గీతలూ రంధ్రాలూ అచ్చం అలాగే ఉన్నాయి. తలమీద నీడ పడగానే మనలో లేచే ఉలికిపాటుకు చాలా పాత కారణం ఉండి ఉండవచ్చు.

ఎగిరిన పక్షుల్లో అన్నిటికంటే పెద్దది ఏది?

రెక్కల లెక్కలో పెలగోర్నిస్ శాండర్సీ. 1983లో అమెరికాలోని చార్ల్‌స్టన్ విమానాశ్రయం పనుల్లో దీని ఎముకలు బయటపడ్డాయి, 2014లో దానికి పేరు పెట్టారు. సుమారు 2.5 కోట్ల ఏళ్ల నాటి సముద్రపక్షి. రెక్కలు చాస్తే 6 నుంచి 7 మీటర్లు. బరువు లెక్కలో అర్జెంటీనాలో దొరికిన అర్జెంటావిస్, దాదాపు 70 కిలోలు, కాలం సుమారు 60 లక్షల ఏళ్ల క్రితం. ఈనాటి పక్షుల్లో వాండరింగ్ ఆల్బట్రాస్ రెక్కలు 3.5 మీటర్ల దాకా, ఆండీస్ కాండోర్ అనే రాబందు రెక్కలు 3 మీటర్ల పైచిలుకు ఉంటాయి.

థండర్‌బర్డ్ ఏ తెగ నమ్మకం?

ఒక్క తెగది అనలేం. ఉత్తర అమెరికాలో ఎన్నో జాతులకు ఈ పక్షి ఉంది, ఒక్కొక్కరి దగ్గర కథ ఒక్కోలా ఉంటుంది. రెక్క కొడితే ఉరుము, కన్ను తెరిస్తే మెరుపు అన్నది చాలాచోట్ల వినిపించే మాట. చాలామందికి అది పవిత్రం. దాన్ని ‘వింత జంతువు’ అని పిలవడం మర్యాద కాదు.

పసిఫిక్ వాయవ్య తీరంలో థండర్‌బర్డ్ తిమింగిలంతో పోరాడే కథలున్నాయి. ఆ పోరులో నేల కంపిస్తుంది, సముద్రం పొంగుతుంది. 1700 జనవరి 26న ఆ తీరంలో మహా భూకంపం వచ్చి సునామీ జపాన్ దాకా వెళ్లింది. జపాన్ రికార్డుల వల్లే తేదీ అంత కచ్చితంగా తెలిసింది. ఈ కథల్లో కొన్ని ఆ భూకంపానికో, అంతకు ముందరి వాటికో జ్ఞాపకాలని భూకంప శాస్త్రవేత్తలు కూడా భావిస్తున్నారు. మరో విషయం: 3.5 మీటర్లకు పైగా రెక్కలున్న టెరటోర్న్ అనే పక్షి మంచుయుగం చివరిదాకా అమెరికాలో ఉంది. దాని ఎముకలు లాస్ ఏంజెలిస్‌లోని లా బ్రియా తారు గుంటల్లో కుప్పలుగా దొరికాయి. అక్కడి తొలి మనుషులు దాన్ని చూసి ఉండవచ్చు.

పియాసా పక్షి కూడా ఆదివాసుల పురాణమేనా?

ఇక్కడ జాగ్రత్త అవసరం. 1673లో మార్కెట్ అనే ఫ్రెంచి మతగురువు మిసిసిపి నది ఒడ్డున, ఇప్పటి ఆల్టన్ దగ్గర, కొండరాతి మీద రంగుల్లో గీసిన వింత జంతువుల బొమ్మలు చూశాడు. లేడి కొమ్ములు, ఎర్రని కళ్లు, పొలుసులు, పొడుగాటి తోక అన్నీ వర్ణించాడు. రెక్కల ఊసు లేదు. ఆ బొమ్మలకు ముడిపెట్టి, మనుషులను తినే పియాసా అనే పక్షి కథను 1836లో జాన్ రసెల్ అనే రచయిత ప్రచురించాడు. అది ఆయన కల్పనే. తర్వాత అది పురాణంగా చలామణి అయింది. ఆదివాసుల పేరు మీద ఇతరులు అల్లిన కథలు వారి సొంత కథలను మింగేయడం నిజంగా బాధాకరం.

1977లో ఇల్లినాయ్‌లో పక్షి పిల్లవాణ్ణి ఎత్తింది నిజమేనా?

ఆ ఏడాది జులై 25 సాయంత్రం లాన్‌డేల్ అనే చిన్న ఊళ్లో, పెరట్లో ఆడుకుంటున్న పదేళ్ల బాలుణ్ణి రెండు భారీ నల్ల పక్షుల్లో ఒకటి పట్టుకుని నేలనుంచి కొద్ది ఎత్తున కొంతదూరం తీసుకుపోయిందనీ, తల్లి కేకలకు వదిలేసిందనీ కుటుంబం చెప్పింది. మెడచుట్టూ తెల్లని పట్టీ ఉందన్నారు. ఆ వర్ణన ఆండీస్ కాండోర్‌కు దగ్గరగా ఉంది. ఆ పక్షి దక్షిణ అమెరికాది. పైగా కాండోర్ కాళ్లకు పట్టు ఉండదు, అవి నడవడానికి పనికొచ్చేవే. గోళ్లతో ఎరను పట్టి ఎగరడం దానికి చేతకాదు.

ఆ పక్షి పిల్లవాణ్ణి మోసుకుపోయిందని నేను నమ్మను. పెద్ద పక్షేదో పిల్లవాడి మీదికి వచ్చిందని, అందరూ భయంతో పరుగెత్తారని నమ్మడానికి మాత్రం అభ్యంతరం లేదు. ఆ కుటుంబం తర్వాత ఊళ్లో ఎగతాళి పాలైంది. వారికి దీనివల్ల ఒరిగిందేమీ లేదు.

ఈనాటి గద్ద ఎంత బరువు మోయగలదు?

బాల్డ్ ఈగిల్ బరువే 3 నుంచి 6 కిలోలు. అది నేలమీదినుంచి ఎత్తుకుని ఎగరగలిగేది సుమారు 2 కిలోలు. తనకంటే పెద్ద ఎరను చంపే గద్దలున్నాయి, కానీ వాటిని అక్కడే తింటాయి లేదా ముక్కలుగా తీసుకుపోతాయి.

దీనికి కారణం లెక్కలోనే ఉంది. పక్షి అన్ని వైపులా రెట్టింపైతే రెక్కల వైశాల్యం 4 రెట్లే పెరుగుతుంది, బరువు 8 రెట్లు పెరుగుతుంది. ఎదిగేకొద్దీ ప్రతి చదరపు అంగుళం రెక్క మీదా భారం పెరుగుతూ పోతుంది. అందుకే ఈనాడు ఎగిరే పక్షుల్లో అతి బరువైన కోరి బస్టర్డ్ కూడా 20 కిలోల లోపే ఆగిపోయింది.

గద్ద పార్కులో పసివాణ్ణి ఎత్తే వీడియో చూశాను. అది?

2012 డిసెంబరులో వచ్చిన మాంట్రియల్ వీడియో అయితే అది కంప్యూటర్ యానిమేషన్. అక్కడి యానిమేషన్ విద్యార్థులు తయారుచేశారు, ఆ సంగతి వాళ్లే చెప్పారు.

కొట్టు గోడకు మేకులు కొట్టిన భారీ పక్షి, ముందు వరసగా మనుషులు… ఆ పాత ఫొటో ఎక్కడ దొరుకుతుంది?

దొరకదు. 1890 ఏప్రిల్‌లో అరిజోనాలోని టూంబ్‌స్టోన్ పట్టణ పత్రికలో ఎడారిలో రెక్కల రాక్షసిని చంపారన్న వార్త వచ్చిన మాట నిజం. ఆ ఫొటో పత్రికలో చూశామని ఎంతోమంది ప్రమాణపూర్వకంగా చెబుతారు. దశాబ్దాలుగా వెదికినా ఎవరికీ అసలు ప్రతి చిక్కలేదు. ఇప్పుడు తిరిగేవి తర్వాత తయారైనవి. వర్ణన పదే పదే చదివితే మనసు దాన్ని బొమ్మగా కట్టి జ్ఞాపకాల్లో చేర్చేస్తుంది. ఇది అబద్ధమాడటం కిందకు రాదు, ఎవరికైనా జరుగుతుంది.

అనుభవజ్ఞులకు కూడా పక్షి ఎందుకు అంత పెద్దగా కనిపిస్తుంది?

ఖాళీ ఆకాశంలో కొలత ఉండదు కాబట్టి. 100 మీటర్ల దూరంలో 2 మీటర్ల రెక్కలు, 200 మీటర్ల దూరంలో 4 మీటర్ల రెక్కలు కంటికి ఒకే కొలతలో కనిపిస్తాయి. దూరం పొరబడితే పరిమాణం కూడా అంతే నిష్పత్తిలో పొరబడుతుంది. దగ్గరున్న పక్షిని దూరంగా ఉందనుకోవడమే చాలా సంఘటనలకు మూలం.

2002లో అలాస్కా నైరుతి ప్రాంతంలో గ్రామస్థులు, ఒక విమాన పైలట్ చిన్న విమానమంత పక్షిని చూశామన్నారు. రెక్కలు 14 అడుగులన్నారు, అంటే 4 మీటర్ల పైనే. వాళ్లు రోజూ బాల్డ్ ఈగిల్‌ను చూసేవాళ్లు, దాన్ని చూసి భ్రమపడరు. పక్షి నిపుణులు అనుమానించింది స్టెల్లర్స్ సీ ఈగిల్‌ను. 9 కిలోల దాకా బరువు, దాదాపు 2.5 మీటర్ల రెక్కలున్న ఈ రష్యా తీరపు గద్ద అప్పుడప్పుడు అలాస్కాకు వస్తుంది. దీని రెక్కల మీది తెల్ల మచ్చల ఆధారంగా ఒకే ఒక్క గద్దను 2020లో అలాస్కా లోపలి ప్రాంతంలో, 2021లో కెనడా తూర్పు తీరంలో, ఆ డిసెంబరులో మసాచుసెట్స్‌లో గుర్తించారు; 2021లోనే టెక్సస్‌లో కనిపించింది కూడా అదేనని భావిస్తున్నారు. ఆ దారిలోని పల్లెవాసి ఎవరైనా తన ఊళ్లో ఎన్నడూ ఎరగని మహాగద్దను చూశానంటే అది అక్షరాలా నిజమయ్యేది.

టెరోసార్లు ఎక్కడైనా మిగిలి ఉండవచ్చా?

లేవు. అవి పక్షులు కూడా కావు, డైనోసార్ల కాలపు ఎగిరే సరీసృపాలు. 6.6 కోట్ల ఏళ్ల క్రితం తర్వాతి పొరల్లో వాటి శిలాజం ఒక్కటీ దొరకలేదు.

మనకు తెలియని భారీ పక్షి ఇంకా ఉండే అవకాశం ఉందా?

చాలా తక్కువ. పెద్ద పక్షి దాక్కోలేదు. దానికి గూడు, జత, విశాలమైన మేత నేల కావాలి. జాతి నిలవాలంటే ఒక్కటి చాలదు, వందలు ఉండాలి. కాలిఫోర్నియా కాండోర్ 1982లో 22 పక్షులకు పడిపోయినప్పుడు కూడా శాస్త్రవేత్తలు వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగారు. తెలిసిన పక్షి తెలియని చోట కనిపించడం మాత్రం తరచుగా జరుగుతుంది.

నేను అలాంటి పక్షిని చూస్తే ఏం చేయాలి?

ముందు చుట్టూ ఒక కొలత వెదకండి. పక్షి వాలిన కొమ్మ, స్తంభం, దాటిన కప్పు ఏదైనా సరే; అది వెళ్లిపోయాక ఆ వస్తువును టేపుతో కొలవవచ్చు. ఫొటో తీస్తే జూమ్ చేసి ఒకటి, చెట్లో ఇళ్లో కలిసివచ్చేలా ఒకటి తీయండి. రెక్కల కొసలు వేళ్లలా విడివిడిగా ఉన్నాయా, మెడ చాచి ఎగిరిందా ముడుచుకుందా, కాళ్లు తోక దాటి వెనక్కి వచ్చాయా, రెక్క ఎంతసేపటికొకసారి కొట్టింది అన్నవి గమనించండి. పరిమాణం కన్నా వీటితోనే జాతి తేలుతుంది. మెడ చాచి, కాళ్లు వెనక్కి పెడితే సారసమో స్టార్క్ జాతి కొంగో కావచ్చు. మెడ ముడుచుకుని, పెద్ద ముక్కుతో, గుంపుగా తిరుగుతూ ఉంటే పెలికాన్ కావచ్చు.

పక్కనున్నవారితో మాట్లాడకముందే ఎవరికి వారు కాగితం మీద రాసుకుని బొమ్మ గీయండి. మాటల్లో పడితే అందరి జ్ఞాపకాలూ ఒకటైపోతాయి. తేదీ, సమయం, చోటు, వెలుతురు రాయడం మరువకండి. ఈక రాలితే కదపకుండా పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. చాలా దేశాల్లో రక్షిత పక్షుల ఈకలు దగ్గర ఉంచుకోవడం నేరం. ఆ వివరాలను ఈబర్డ్ వంటి పక్షి నమోదు వేదికలోనో, దగ్గరి పక్షి పరిశీలకుల సంఘానికో ఇవ్వండి. అక్కడివాళ్లు నవ్వుతారని సంకోచించవద్దు. దారితప్పి వచ్చిన పక్షి కోసం వందల కిలోమీటర్లు ప్రయాణించేవాళ్లు వాళ్లు.